చుట్ట కాలేంత సేపు

ఈ వానాకాలం మా ఇంట్లో బూజు పట్టనిది ఒక్కటే వస్తువు. డబ్బాలో ఉప్పు నీరైపోయింది. అగ్గిపెట్టె మెత్తబడి, పుల్ల గీస్తే మందు రాలుతోంది గానీ వెలగడం లేదు. బీరువా అడుగున దాచిన తోలు చెప్పులకి పచ్చగా నూగు మొలిచింది. గార్డెన్ రీచ్‌లో ఈ బెంగాలీ ఊళ్ళో గంగ ఒడ్డున కాపురం ఉండేవాళ్ళకి ఇదంతా మామూలే, ఎవరూ పట్టించుకోరు. కానీ మా పై గదిలో అద్దెకుండే మౌనిక, సెలవు మీద వరంగల్ వెళ్తూ నా వంటింటి గట్టు మీద ఒక బ్రెడ్డు పాకెట్టు మరిచిపోయింది. పన్నెండు రోజుల తర్వాత ఆ అమ్మాయి తిరిగొచ్చేసరికి కూడా అది కొన్ననాడు ఎలా ఉందో అలాగే ఉంది. వేలితో నొక్కితే లోపలికి పోయి, మళ్ళీ బుద్ధిగా పైకి వచ్చింది. చీమ దాని దగ్గరికి రాలేదు. మా ఇంటి చీమలంటే పంచదార డబ్బాని నీళ్ళ పళ్ళెంలో పెట్టినా ఈదుకుంటూ వచ్చే జాతి. అవి ఆ పాకెట్టుని చుట్టి వెళ్ళాయి, ఎక్కలేదు.

మౌనిక ఇక్కడి ఓడల కార్ఖానాలో ఇంజనీరు. మంచి పిల్ల. నా నోటికి భయపడదు, అందుకే ఆ గది ఇచ్చాను. వచ్చీ రాగానే నా ఎదురుగానే ఆ బ్రెడ్డు రెండు ముక్కలు పెనం మీద కాల్చుకుని వెన్న రాసుకుంది. చూసుకునే తింటున్నావా అని అడిగితే, డేట్ ఇంకా రెండ్రోజులున్నది ఆంటీ అంది. మా వీధి చివర దుకాణం దాదా కూడా ఇదే పాట. ఏ పాకెట్టు పట్టుకుని ఇది ఎప్పటిది బాబూ అన్నా, "డేట్ తో ఆఛే, దీదీ" అంటాడు. తేదీ ఉంది కదా అక్కా, ఇంకేం కావాలి అని. తేదీ ఉంటే అందులో తిండి ఉన్నట్టే అతని లెక్క. నేను కళ్ళద్దాలు పెట్టుకుని పాకెట్టు వెనక చీమ తలలంత అక్షరాలు మౌనికకి పైకి చదివి వినిపించాను. మైదా, పంచదార, ఈస్టు, ఆ తర్వాత వరసగా అంకెలు. నేను ఈ ఊళ్ళోనే కాలేజీలో రసాయన శాస్త్రం చదివాను. ఆ అంకెల వెనక ఏ ఉప్పులున్నాయో సగం ఇప్పటికీ గుర్తే. అవి విషమని నేననను. విషమని పొద్దున్నే ఫోన్లో బొమ్మలు పంపే మా వదినతో కూడా నేను పోట్లాడతాను. నా అనుమానం వేరు. అదేమిటో ఆ పూట నాకు సరిగ్గా మాటల్లోకి రాలేదు. ఆ సందు చూసి మౌనిక దెబ్బ కొట్టింది.

"మీరు ఊరికెల్లి ఎండుచేపలు తెప్పిచ్చుకొని ఏడాదంతా తింటరు కద ఆంటీ. అవి ఖరాబైతలేవు. అవి మంచియి, ఇది చెడ్డదా?"

నేను గిన్నెలు తోమడం మొదలుపెట్టాను. జవాబు లేకపోవడమంటే నాకు ఒళ్ళు మంట. రెండు రోజులు దాన్నే నములుతూ కూచున్నాను. చివరికి దొరికిన జవాబు బ్రెడ్డు గురించీ కాదు, చేప గురించీ కాదు. మా మామ్మ గురించి, నేను చేసిన ఒక తప్పు గురించి. నా పిల్లలకి తెలుగు మాట్లాడ్డమే వచ్చు, చదవడం రాదు. కాబట్టి ఇది చదివితే మౌనికే చదవాలి.

మామ్మ అంటే మా నాన్న తల్లి. తాతయ్య పోయాక కొన్నాళ్ళు శ్రీకాకుళం దగ్గర పల్లెలో పెద్దకొడుకు ఇంట్లో ఉంది. ఉందంటే ఉంది. పశువుల పాక పక్కన మంచం వేశారు, అందరూ తిన్నాక పిలిచేవారు, ఒక్కోసారి పిలవడం మరిచిపోయేవారు. నాన్న ఒకసారి సెలవుకి వెళ్ళి అది కళ్ళారా చూసి, అదే చీరతో ఆమెని రైలెక్కించి హౌరాలో దింపాడు. నాన్న ఓడల డాకులో క్రేను దగ్గర ఖలాసీ. గార్డెన్ రీచ్‌లో మాకు వరసగా కట్టిన లైను ఇళ్ళలో ఒక గది, ముందు వరండా. వరండాలో ఒక మూల బకెట్టు పొయ్యి, ఒక మూల తరవాణి కుండ. ఉదయం పొయ్యి రాజేస్తే లైనంతా బొగ్గు పొగ లేచేది. దాని కింద గంగ బురద వాసన, జనపనార బేళ్ళ వాసన, నాన్న చొక్కాలోంచి క్రేను గ్రీజు వాసన. అటు బెంగాలీ ఇళ్ళలోంచి ఆవనూనె పొగలు కక్కే వాసన, ఇటు మా ఇళ్ళలోంచి ఎండు నెత్తళ్ళు వేగే వాసన. ఆ నెత్తళ్ళ వాసనకి వీధి అవతల బెంగాలీ ఆడవాళ్ళు కిటికీలు ధడాలున మూసేవారు. మా వాళ్ళు ఇంకో రెండు చేపలు పెనం మీద ఎక్కువ వేసేవారు.

ఈ వాసనల ఊళ్ళో మామ్మ న్యాయాధికారి. చదువు లేదు, బెంగాలీ రాదు, హిందీలో పానీ అన్న ఒక్క మాట వచ్చు. కానీ ఆవిడ ముక్కు లైను మొత్తానికీ తెలుసు. ఊరి నుంచి ఎవరు హౌరాలో దిగినా సంచిలో ఎండుచేపలో ఎండు రొయ్యలో ఉండేవి. అవి నేరుగా మా వరండాకి వచ్చేవి. బజార్లో కొన్న నూనె, ఎవరింట్లోనో రాత్రి మిగిలిన పులుసు, పసిపిల్ల పాలు, అన్నీ అంతే. మామ్మ చాప మీద కాళ్ళు చాపుకుని, చుట్ట నిప్పు కొస నోట్లోకి తిప్పి అడ్డపొగ పీలుస్తూ కూచునేది. గిన్నె చేతికి రాగానే చుట్ట తీసి పక్కన పెట్టేది. నోరు పుక్కిలించేది. కళ్ళు మూసుకునేది. గిన్నెని ముక్కుకి దూరంగా ఒకసారి, దగ్గరగా ఒకసారి తిప్పేది. తర్వాత ఒకే ఒక్క మాట. బాగుంటే "ఉంది". బాగోకపోతే "పోయింది". మనుషుల గురించి అన్నట్టే అనేది. పోయిందంటే ఇంక వాదన లేదు, ఎంత ప్రియమైన సరుకైనా కాలవలోకే. మా ఎదురింటి సూరమ్మత్త ఒకసారి శేరు రొయ్యలు అలా పారబోసి, నాలుగు రోజులు మామ్మని తిట్టుకుని, అయిదో రోజు పెరుగు గిన్నెతో మళ్ళీ వచ్చింది.

మా అమ్మకి ఈ దర్బారు నచ్చేది కాదు. వండేది తనూ, పేరు ముసలమ్మదీనా అని గొణిగేది. కానీ తరవాణి కుండ మాత్రం అత్తగారికే వదిలేసింది. రోజూ అన్నం వార్చిన గంజి అందులో పోయాలి, అది పులుస్తూ ఉండాలి, పులుపు దాటి కుళ్ళుకి పోకూడదు. ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యని కుండ అది. దాని పులుపు ఏ పూట ఎక్కడికి వచ్చిందో మామ్మ మూత తియ్యకుండానే చెప్పేది. నాన్న పొద్దున్నే తరవాణి అన్నం తినే డ్యూటీకి వెళ్ళాలి. కాబట్టి నాన్న కడుపు మామ్మ ముక్కు మీద ఆధారపడి ఉండేది. ఆ ఇంట్లో మామ్మ ఉండటానికి ఆధారం కూడా ఆ ముక్కే. మాకెవరికీ ఆ ఆలోచన రాలేదు గానీ ఆమెకి ఎప్పుడూ ఉండేదని తర్వాత తెలిసింది.

నాకు తొమ్మిదో పదో ఏళ్ళున్నప్పుడు ఒక వానాకాలం మామ్మకి పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. తగ్గాక ఒక మధ్యాహ్నం అమ్మ కుళాయి దగ్గర వరసలో నిలబడింది, నేను వీధిలో ఆడుకుంటున్నాను. అన్నం మాడిన వాసన వీధి దాకా వచ్చింది. పరిగెత్తి వస్తే పొయ్యి మీద గిన్నె నల్లగా పొగలు కక్కుతోంది. దానికి జానెడు దూరంలో పొయ్యికి వీపు పెట్టి మామ్మ తీరిగ్గా బియ్యంలో రాళ్ళు ఏరుకుంటోంది. నేను గిన్నె దింపాను. ఆవిడ తిరిగి చూసింది. ముందు గిన్నెని, తర్వాత నన్ను. ఆ ముఖం నేను అంతకుముందు చూడలేదు. వీధిలో దారి తప్పిన పిల్లల ముఖంలా ఉంది.

"ఎవల్తోటీ అనకే గుంటా," అంది మెల్లగా. "ముక్కు పోనాదని తెలిస్తే మీ నాన్న నన్ను మళ్ళీ పెద్దోడింటికి పంపీత్తాడు. అక్కడ నాకు కూడెట్టినోల్లు నేరు."

నాన్న అలా చేసేవాడని నేను ఇప్పటికీ నమ్మను. కానీ ఆవిడ నమ్మింది. ఆ పూటే మేమిద్దరం ఒప్పందం చేసుకున్నాం. ఎవరు గిన్నె తెచ్చినా నేను మామ్మ పక్కన చేరతాను, గిన్నె అందుకుని ఇచ్చే నెపంతో ముందు నేను వాసన చూస్తాను. బాగుంటే ఆవిడ మోకాలు మీద ఒకసారి గిల్లాలి. పాడైతే రెండుసార్లు. మిగతా నాటకమంతా మామూలే. పుక్కిలించడం, కళ్ళు మూసుకోవడం, దూరంగా దగ్గరగా తిప్పడం. లైనంతా ఆవిడ ముక్కుకి దండం పెడుతూనే ఉంది. ఆ ముక్కు నా ముఖం మీద ఉందని ఎవరికీ తెలీదు. నాకు ఎంత గర్వమో చెప్పలేను. బడిలో నా పక్కన కూచునే పిల్లలందరినీ నేను జాలిగా చూసేదాన్ని.

అప్పటినుంచే మామ్మకి ఇంకో కొత్త అలవాటు వచ్చింది. ఉంది అని చెప్పాక, ఆ సరుకు వండినా, ఉన్నదున్నట్టు తినేదైనా, మొదటి ముద్ద తనే తినేది. తిని, చుట్ట ముట్టించేది. ఆ చుట్ట పూర్తిగా కాలేదాకా ఇంకెవరూ ముట్టకూడదు. సూరమ్మత్త ఇంటి చేపైతే సూరమ్మత్త ఇంటికే వెళ్ళి అదే పని. ముసల్దానికి నోటి రుచి ఎక్కువైంది, ఇంటింటికీ తిరిగి తింటోందని లైనులో నవ్వుకున్నారు. నేను కూడా అలాగే అనుకున్నాను. వేడివేడి కూర ఎదురుగా పెట్టుకుని, ఆ చుట్ట ఎప్పుడు కాలుతుందా అని దాని బూడిద వైపు చూస్తూ కూచోవడం ఎంత నరకమో నాకు తెలుసు. ముందర ఎప్పుడూ లేని ఈ ఆచారం నా గిల్లుడు మొదలైన రోజే ఎందుకు మొదలైందో ఆలోచించే వయసు కాదు. నా ముక్కు తప్పితే ఆ తప్పు ముందు తన కడుపులోకి వెళ్ళాలని ఆ ముసలమ్మ ఏర్పాటు చేసుకుంది. నన్ను నమ్మింది, కానీ ఆ నమ్మకాన్ని ఇంకొకరి పిల్లల కంచంలో పెట్టలేదు.

అలా ఒక ఏడాది నడిచింది. ఒక ఆదివారం నాన్నతో పనిచేసే ఒకాయన మా ఇంటికి ఒక డబ్బా పట్టుకొచ్చాడు. ఓడలోంచి దిగిన సామాను, తడిసి పై కాగితం ఊడిపోయింది, ఒక పక్క సొట్ట. ఏముందో ఆయనకీ తెలీదు. నాన్న కత్తిపీట కొసతో దాని మూత కోశాడు. లోపల తెల్లగా, గట్టిగా, మీగడ లాంటిది. మేమెవరం అలాంటిది చూడలేదు. నాన్న నవ్వుతూ, దొరల మీగడ, పంచదార వేసుకుని తింటారు అన్నాడు. పంచదార అనగానే నా నోట్లో నీళ్ళూరాయి. పది నిమిషాల్లో వరండా నిండిపోయింది. సూరమ్మత్త, ఆవిడ కూతురు, పక్కిళ్ళ పిల్లలు. చేతుల్లో గిన్నెలు, చెంచాలు. డబ్బా నా చేతుల్లోంచి మామ్మ చేతుల్లోకి వెళ్ళాలి. నేను వాసన చూశాను.

ఏ వాసనా రాలేదు.

ఇనుము వాసన కొంచెం, అదీ డబ్బాది. దాని కింద ఏమీ లేదు. పాలు ఉంటే పాల వాసన ఉండాలి, పులిస్తే పులుపు ఉండాలి, మురిగితే మురుగుండాలి. ఏడాది పాటు లైనులోని ప్రతి గిన్నే నా ముక్కుకి ఏదో ఒకటి చెప్పింది. ఈ డబ్బా నోరు మెదపలేదు. మళ్ళీ చూశాను. మామ్మ మోకాలు నా చేతి కింద కదలకుండా ఎదురుచూస్తోంది. ఒకసారా, రెండుసార్లా. నాకు తెలీదు. కానీ నా ఎదురుగా పంచదార గిన్నె ఉంది, అది తినాలని ఉంది. నేను ఒకసారి గిల్లాను.

"ఉంది," అంది మామ్మ. ఒక చెంచా తీసుకుని నోట్లో వేసుకుంది. చుట్ట ముట్టించింది. పిల్లలందరూ చెంచాలు పట్టుకుని ఆ చుట్ట వైపే చూస్తున్నారు. అది కాలింది. లేవబోయాను. మామ్మ నా జబ్బ పట్టుకుని కూచోబెట్టి రెండో చుట్ట ముట్టించింది. ఎప్పుడూ అలా చెయ్యలేదు. నాకు ఏడుపొచ్చింది. ముసలమ్మ కావాలనే చేస్తోందని మనసులో తిట్టుకున్నాను కూడా. సూరమ్మత్త అయితే బయటికే అంది, ఇంకెన్ని చుట్టలు కాలుస్తావే పెద్దమ్మా, పిల్లలు పెళ్ళీడుకొచ్చేసేలా ఉన్నారు అని. అందరూ నవ్వారు. రెండో చుట్ట సగంలో ఉండగా మామ్మ ముఖం తెల్లబడింది. చుట్ట కింద పడిపోయింది. చాప మీదే వాంతి చేసుకుంది, ఆగకుండా చేసుకుంది. నాన్న ఆమెని రెండు చేతుల మీదా ఎత్తుకుని రిక్షా కోసం పరిగెత్తాడు. అమ్మ డబ్బా పట్టుకెళ్ళి కాలవలోకి విసిరేసింది. పిల్లల చేతుల్లో చెంచాలు అలాగే ఉండిపోయాయి.

ఆసుపత్రిలో రెండు రోజులు సెలైను ఎక్కించారు. రెండో రోజు అమ్మ నన్ను కూచోబెట్టి ఇంటికి అన్నం తేవడానికి వెళ్ళింది. మామ్మ కళ్ళు తెరిచి నన్ను చూసి, ఇంకెవరూ లేరని చూసుకుని అడిగింది.

"వాసన తెలిసిందా నీకు?"

"తెలీలేదు."

"మరొకపాలెందుకు గిల్లినావు?"

"తినాలనిపించింది," అన్నాను. చెప్పి ఏడ్చాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

"తెలీకపోతే ఎన్నిపాల్లు గిల్లాలో మనం అనుకోనేదు గదే," అంది. "నాదీ తప్పే."

ఆ సాయంత్రం నాన్న మంచం పక్కన నిలబడి, అదేమిటమ్మా, నీ ముక్కుకి ఎలా తెలీలేదు అని అడిగాడు. అది తిట్టు కాదు, నిజంగా ఆశ్చర్యం. గుంట చెప్పింది అంటే అయిపోయేది. మామ్మ నా వైపు చూడలేదు. నా ముక్కు పోయి ఏడాదైందిరా, ఇన్నాళ్ళూ ఊరికే నటించాను, నన్నెక్కడికి పంపుతావో పంపు అంది. అప్పుడు వెనక నుంచి అమ్మ, అన్నం డబ్బా మూత తీస్తూ, తల ఎత్తకుండానే మాట్లాడింది.

"నాకు ఏడాదినాడే తెలుసు. ఆ మాడు గిన్నె తోమింది నానే గదా. ముక్కు పోతే పోనీ అత్తా, నోరు ఉంది నీకు. ఈ ఇంటికది సాలు."

మామ్మ నవ్వబోయి దగ్గింది. నాన్న మంచం పట్టె మీద కూలబడ్డాడు. అత్తతో పోరు పెట్టుకుంటూనే కోడలు ఆవిడ రహస్యం ఏడాది పాటు దాచగలదని నాకు ఆ రోజే తెలిసింది. పెద్దకొడుకు ఇంటి మాట మళ్ళీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు మౌనికకి నా జవాబు. ఎండుచేపకి ఉప్పు పట్టించి ఎండబెట్టిన మాట నిజమే. అది ఏడాది నిలవ ఉన్న మాటా నిజమే. నిలవ ఉండటం నేరమని నేననలేదు. కానీ ఆ చేప తన వయసు దాచుకునేది కాదు. మొదటి నెల ఒక వాసన, వానల్లో ఒక వాసన, చలికాలంలో ఒక వాసన. ముసలిదయ్యేకొద్దీ ముసలిదాని వాసనే వేసేది. ఆఖరికి ఒకరోజు ఇక నా వల్ల కాదని తనే చెప్పేది. తరవాణి కుండ అయితే పూటకో కబురు చెప్పేది. నీ బ్రెడ్డు పన్నెండు రోజులూ ఒకే ముఖం పెట్టుకుని కూచుంది, తల్లీ. దాన్ని పట్టుకుంటే పుట్టిన రోజూ తెలీదు, పోయిన రోజూ తెలీదు. నీకు తెలిసేదల్లా దాని మీద అచ్చేసిన తేదీ. ఆ తేదీ ఎవరో, ఎక్కడో, నీ ముక్కుకి బదులుగా నీ మోకాలి మీద గిల్లిన గిల్లుడు. ఒకసారి గిల్లారు, నువ్వు కళ్ళు మూసుకుని ఉంది అనేశావు.

ఆ గిల్లేవాళ్ళంతా అబద్ధాలకోరులని నేననను. అందులో చాలామంది నాకన్నా బాగా చదువుకున్నవాళ్ళు, గాజు కుప్పెల్లో పరీక్షలు చేసేవాళ్ళు, బుద్ధిగా పని చేసుకునేవాళ్ళు. కానీ గిల్లడమంటే ఏమిటో నాకు తెలుసు. నేను చేసిన పని అది. తెలీని చోట కూడా తెలుసన్నట్టు చెయ్యి ఎలా కదులుతుందో, ఎదురుగా పంచదార ఉంటే ఎంత సులువుగా కదులుతుందో తెలుసు. వాళ్ళ ఎదురుగా ఏ పంచదార ఉందో నాకేం తెలుసు? పైగా మా వరండాలో ఉంది అన్న మనిషి ముందు తను తిని, చుట్ట కాలేదాకా ఆగేది. ఈ పాకెట్టు మీద తేదీ వేసినవాడు ఎక్కడ తిన్నాడు, ఎంతసేపు ఆగాడు? అదీ నా అనుమానం. అది ఉప్పు మీద కాదు, అంకెల మీదా కాదు. నాకు బదులు వాసన చూస్తున్న మనిషి మీద. ఆ మనిషి ముఖం నాకు కనబడదు, ఆ మనిషి నాతో కూచుని తినడు. నేను వెర్రిదాన్నని దుకాణం దాదా అనుకుంటాడు. అనుకోనీ. నేను పాకెట్టు విప్పి ముక్కు దగ్గర పెట్టుకోకుండా ఇప్పటికీ ఏదీ తినను, ఏ వాసనా రాకపోయినా సరే.

ఆసుపత్రి నుంచి వచ్చాక మామ్మ వారం రోజులు వరండాలోకి రాలేదు. వచ్చిన రోజు చాప పరిచి, లైనులో ఆడవాళ్ళు వినేలా చెప్పింది. నా ముక్కు పోయింది, ఇన్నాళ్ళూ ఈ గుంట ముక్కుని నమ్మే మీరు తిన్నది, ఇక నుంచి మాట కూడా దాని నోటి నుంచే వస్తుంది, మొదటి ముద్ద కూడా అదే తింటుంది. అమ్మ ఆ చివరి మాటకి ఉలిక్కిపడి బయటికొచ్చింది. మామ్మ వినలేదు. చెప్పినోల్లే తినాల అంది, అంతే. కొందరు నవ్వారు. కొందరు, చిన్నపిల్ల మాట నమ్మి తినడమేమిటని వెళ్ళిపోయారు. రెండు రోజులు మా వరండాకి ఒక్క గిన్నె రాలేదు. మామ్మ ఒక పక్క, నేను ఒక పక్క, ఖాళీ చాప మధ్యలో.

మూడో రోజు సూరమ్మత్త వచ్చింది. కూతురు పురుటికి వచ్చి ఆడపిల్లని కన్నది, పిల్లకి పాలు చాలడం లేదు. వాట్‌గంజ్ దగ్గర డాకు బజారులో ఒక పాలపొడి డబ్బా కొన్నది. విదేశీ డబ్బా, మీద తెల్లటి పాప బొమ్మ. అలవాటు కొద్దీ మామ్మ ముందే కూచుని ఆమెకే ఇచ్చింది. మామ్మ దాన్ని నా చేతిలో పెట్టింది. నేను మూత తీశాను. ముక్కు దగ్గర పెట్టాను. దూరంగా పెట్టాను. పొడి నాలిక మీద వేసుకున్నాను, తియ్యగా ఉంది, కానీ వాసన ఏమీ చెప్పలేదు. మళ్ళీ అదే మౌనం. సూరమ్మత్త నా నోటి వైపే చూస్తోంది. ఉంది అంటే ఆమె ముఖం ఎలా విచ్చుకుంటుందో నాకు తెలుసు. పోయింది అంటే ఎంత ప్రియం పెట్టి కొన్నదో అది పోతుందనీ తెలుసు. ఆ వరండాలో అప్పటిదాకా ఆ రెండు మాటలే ఉన్నాయి.

"నాకు తెలీడం లేదు అత్తా," అన్నాను.

సూరమ్మత్తకి కోపం నెత్తికెక్కింది. తెలీకపోతే మీ దగ్గరికి ఎందుకు రావాల, ముసల్దీ గుంటా కలిసి ఏడాది మా అందర్నీ ఆడించారు, ఇప్పుడు తెలీదంటారా అని డబ్బా లాక్కుని వెళ్ళిపోయింది. వెళ్తూ గుమ్మం దగ్గర చెప్పు జారిపోతే దాన్నీ తిట్టింది. నేను మామ్మ వైపు చూశాను. ఆవిడ చుట్ట నోట్లో తిప్పుకుంది. తప్పు చేశానో ఒప్పు చేశానో ఆ పూటంతా నాకు తెలియనివ్వలేదు. పసిదానికి ఆ పొడి కలపలేదనీ, మూడిళ్ళ అవతల బాలింత చేత పాలు పట్టించారనీ సాయంత్రం అమ్మ కుళాయి దగ్గర విని వచ్చి చెప్పింది.

మర్నాడు పొద్దున్నే సూరమ్మత్త మళ్ళీ వచ్చింది. మూత పెట్టిన గిన్నె, అందులో ఊరి నుంచి వచ్చిన నెత్తళ్ళు. మామ్మ అలవాటుగా చెయ్యి చాపింది. సూరమ్మత్త ఆ చేతిని దాటుకుని వచ్చి, నా ఎదురుగా కూచుని, గిన్నె నా ఒళ్ళో పెట్టింది. మామ్మ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. చాప మీద కొంచెం పక్కకి జరిగి, మధ్యలో నాకు చోటు ఇచ్చింది.